తడిసిన మోడు

“గాలి తిరిగితే ఏం చేస్తావే?” అంది తల్లి, ఇంకా ఎవరూ అగ్గిపుల్లయినా గీయకముందే.

కూతురు గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. తిరిగితే ఆపేస్తామంది, తలెత్తకుండా. ఆపడానికి అదేమైనా కుళాయా అంది తల్లి. ఈ ప్రశ్న నిన్నా అడిగింది, మొన్నా అడిగింది. అడిగిన ప్రతిసారీ భయం మాత్రం కొత్తదే.

ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే కంచె, కంచె దాటితే కొండ. తల్లి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ కొండ మీద నిప్పు పడలేదు. అడవిలో నిప్పు పెట్టడం నేరమని ఒకప్పుడు అటవీశాఖే బోర్డులు పాతింది. ఇప్పుడు అదే శాఖ, ఆ బోర్డుల పక్కనే మనుషుల్ని నిలబెట్టి, నిప్పు పెట్టండి అంటోంది. తల్లికి మొదటి అనుమానం అక్కడే. నిన్న పాపమన్నది ఇవాళ పుణ్యమెలా అయిందో ఎవరూ సరిగ్గా చెప్పరు.

కూతురు చెప్పేది వేరు. ఇన్నేళ్ళుగా రాలిన ఆకు రాలినట్టే పడి కొండ మీద మోకాలి లోతు పేరుకుపోయింది. ఎండలు ముదిరాక ఒక పిడుగు, ఒక సిగరెట్టు ముక్క చాలు, మంట చెట్ల తలల మీదికెక్కి పరిగెడుతుంది. అప్పుడు కొండా మిగలదు, కొండ కింది ఇళ్ళూ మిగలవు. అదే చలి రోజుల్లో, మంచు ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు, తామే కాస్త కాస్తగా నేల మీది చెత్త కాల్చేస్తే, పెద్ద చెట్లకి బెరడు మసిబారడం తప్ప ఏమీ కాదు. ఎండాకాలం వచ్చే మంటకి తినడానికేమీ దొరకదు. కొన్ని చెట్ల కాయలైతే ఆ వేడి తగిలితేగానీ నోరు విప్పి గింజ రాల్చవట.

“జ్వరం వస్తుందేమోనని ముందే జ్వరం తెప్పించుకుంటారా ఎవరైనా?”

“టీకా అంటే అదే కదమ్మా,” అని కూతురు లేచి టోపీ పెట్టుకుంది.

ఆమె వెళ్ళాక తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని, కూతురి రెండో ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర మందపాటి గుడ్డ వేసి కుడుతూ, అనుమానాలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే తిరగేసింది. ఇంతమంది మగవాళ్ళుండగా అటవీశాఖ రేంజరు ఈ కాల్చే ముఠాకి తన కూతుర్నే ఎందుకు మేస్త్రిని చేశాడు? పని బాగా అయితే పేరు ఆయనది, అటూ ఇటూ అయితే తల కూతురిది. అది కాకపోతే ఇంకేముంది? ఆ మేస్త్రి పని నిజానికి ముఠాలో ఉన్న పొడుగాయనకి రావాల్సింది. ఎప్పటినుంచో కొండల్లో తిరిగిన మనిషి. పొడుగాయన వాకిట్లోకి వచ్చినప్పుడల్లా “మేస్త్రమ్మ ఉందా పిన్నీ?” అని నవ్వుతాడు. ఆ నవ్వు ఆవిడకి నచ్చదు. కడుపులో ఏమీ పెట్టుకోకుండా అంత నిండుగా నవ్వడం మనుషులకి సాధ్యం కాదని ఆవిడ నమ్మకం.

ఇక తేనె తాత. కొండ పక్క వాలులో తేనెపెట్టెలు పెట్టుకుని ఒంటరిగా ఉంటాడు. ఎవరితోనూ రెండు మాటలకి మించి మాట్లాడడు. తన వాలులో మాత్రం నిప్పు పెట్టొద్దని, పొగకి ఈగలు లేచిపోతాయని మొండికేశాడు. కూతురు సరేనని, ఆ వాలుకీ కాల్చబోయే కొండకీ మధ్య ఆకూ గడ్డీ గీకేసి, మట్టి కనబడేదాకా వెడల్పాటి గీత తవ్వించింది. ఊరందరికీ లేని మినహాయింపు ఆయనకెందుకో తల్లికి అంతుబట్టలేదు.

*

మధ్యాహ్నం కాకుండానే నిప్పు పెట్టారు. తల్లి పెరట్లో బకెట్లు, బిందెలు నింపుకుంది. బట్టలు మూటగట్టి గుమ్మంలో పెట్టింది. పక్కింటి వదిన గోడ మీదుగా తొంగిచూసి, “ప్రయాణం ఎక్కడికి వదినా?” అంది. నీకేం, నవ్వుతావు, నీ కూతురు బ్యాంకులో పంకా కింద కూర్చుంటుంది అని తల్లి మనసులో అనుకుని, పైకి మాత్రం మూట ఇంకాస్త బిగించింది.

కొండ పైభాగాన కూతురు కనబడుతోంది. చేతిలో పొడుగు ముక్కున్న నూనె డబ్బా, ఆ ముక్కు చివర మంట. ఆమె నడుస్తూ డబ్బా వంచుతుంటే నిప్పుచుక్కలు వరసగా ఆకుల మీద పడుతున్నాయి. గీత వెంబడి మనుషులు, వీపు మీద నీళ్ళ డబ్బాలు, చేతుల్లో ఇనప దంతెలు. కింది నుంచి పెడితే మంట పైకి ఉరుకుతుందట, పైనుంచి పెడితే గాలికి ఎదురుగా నెమ్మదిగా దిగుతుందట. తల్లి హోరు కోసం, ఆకాశమంత మంట కోసం చూసింది. వచ్చింది చీలమండంత మంట. ఎవరో నేల మీద ఎర్రటి అంచు కుట్టుకుంటూ వస్తున్నట్టు దిగింది. కుట్టు వంకరపోయిన చోటల్లా కూతురు ఆగి చెయ్యి ఊపేది. వెంటనే ఎవరో ఒకరు దంతెతో ఆకుని వెనక్కి లాగేవారు.

ఇంతేనా అని వదిన వంట చూసుకోవడానికి వెళ్ళిపోయింది. తల్లి కదల్లేదు. మెత్తగా ఉండే మనిషిని నమ్మొచ్చేమోగానీ, మెత్తగా ఉండే మంటని నమ్మకూడదు.

పొద్దువాలాక కూతురు ఇంటికొచ్చింది, చెవుల్లోపల కూడా మసితో. చేతుల వెనకభాగం మరీ నల్లగా ఉంది. అదేమిటని అడిగితే, కంచంలో వేళ్ళు పెట్టుకునే తూగుతూ చెప్పింది. మంట ఆరిపోయినా మోడుల్లో నిప్పు రోజుల తరబడి ఉంటుంది. అందుకని ప్రతి మోడునీ చుట్టూ తవ్వాలి, నీళ్ళు పోయాలి, బురదలా కలియబెట్టాలి, మళ్ళీ పోయాలి. చివరికి తొడుగు తీసేసి చెయ్యి వెనకభాగం ఆనించి చూడాలి. అరచేతికి పనిచేసి పనిచేసి కాయ కాస్తుంది, దానికి వేడి తెలియదు. వెనకభాగం అబద్ధం చెప్పదు.

“అన్నీ చూశారా మరి?”

“రేపూ ఎల్లుండీ అదే పనమ్మా. తిననీ.”

*

మర్నాడు సాయంత్రం తల్లి ఆరేసిన బట్టలు తీస్తూ కొండవైపు చూసింది. చూడకుండా ఉండలేదు కదా. మసిబారిన వాలు చివర, తేనె తాత వైపు గీతకి ఆనుకుని ఉన్న ఒక మోడు నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆ దరిదాపుల్లో మనిషన్నవాడు లేడు. పొద్దుటి నుంచి అవతలి అంచున మోడులు తవ్వుతూ వచ్చిన వాళ్ళు, ఇక రేపు అని సామాను సర్దుకుని రేంజాఫీసుకి వెళ్ళిపోయారు. ఈ అంచున మధ్యాహ్నం పొడుగాయన తచ్చాడడం ఆవిడ కళ్ళారా చూసింది. చూసీ వదిలేశాడన్నమాట. కావాలనే వదిలేశాడు. రేపు గాలొస్తే పేరు ఎవరికి పోతుందో వాడికి తెలియదా?

ఆవిడ రెండు బకెట్లూ పట్టుకుని కంచె తలుపు తీసింది. కాలిన వాలులోకి ఎవరూ రాకూడదని తాడు కట్టి ఉంది. తాడు కింద నుంచి వంగి వెళ్ళింది. చెప్పుల కింద బూడిద వెచ్చగా, మెత్తగా తగిలింది. మోడు దగ్గర నిలబడి, మొహం పక్కకి తిప్పుకుని, ఒక బకెట్టు గుమ్మరించింది. మోడు బుస్సుమంది. తెల్లటి ఆవిరి మీదికొచ్చింది. రెండోది కూడా పోసింది. బూడిదంతా తడిసి, బురదై, నున్నగా పేరుకుంది. పొగ ఆగిపోయింది. కాసేపు నిలబడి చూసింది, పొగ మళ్ళీ లేవలేదు. ఇంత చిన్న పనికి ఇంతమంది జీతగాళ్ళు కావాలా అనుకుంటూ, చాలా రోజుల తర్వాత కాస్త ధైర్యంగా కొండ దిగింది.

కూతురికి చెప్పలేదు. తాడు దాటావా అని కేకలేస్తుంది. పైగా మాట పొడుగాయన చెవిన పడితే జాగ్రత్తపడిపోతాడు. అన్నం వడ్డిస్తూ, ఆ పొడుగాయన మీద ఓ కన్నేసి ఉంచమని మాత్రం చెప్పింది. కూతురు నవ్వి, ఆయన ఎత్తుకి ఓ కన్ను చాలదులే అంది.

*

నాలుగైదు రోజులకి గాలి లేచింది. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయని తల్లి మిషను ఆపి లేచేసరికి, పక్క వాలులో పొగ గోడలా నిలబడి ఉంది.

ఈసారి మంట కుట్టుకుంటూ రాలేదు. ఇన్నేళ్ళ ఆకూ, ఎండిన పొదలూ తింటూ, ఇంటి కప్పు కంటే ఎత్తున లేచింది. తేనె తాత పెట్టెలున్న వైపుకి ముందు పోయింది. ఆ తర్వాత గాలి తిరిగింది. తల్లి ఇన్నాళ్ళూ అడుగుతూ వచ్చిన గాలే. మంట ఇళ్ళవైపు మళ్ళింది. ఆవిడ మూట కోసం లోపలికి పరిగెత్తలేదు. పక్కింటి వదిన గోడ పట్టుకుని నిలబడింది, ఈసారి నవ్వకుండా. మంట గీత దాటి మసి వాలులోకి దూకింది. దూకి, వెతుక్కుంది. అక్కడ దానికి ఆకు లేదు, గడ్డి లేదు. కాసేపు నేల మీద నాలుక చాపి, గోడకి తలకొట్టుకున్నదానిలా వెనక్కి తగ్గి, ఎక్కడికక్కడ కూలిపోయింది.

మిగిలింది కూతురూ వాళ్ళూ చీకటి పడేలోగా ఆర్పేశారు. ఇళ్ళు నిలిచాయి. తేనె తాత పెట్టెలు చాలావరకు కాలిపోయాయి.

కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా చేరారు. అందరి మనసులోనూ ఒకటే ఉంది. మొన్న పెట్టిన నిప్పే ఇది, మేస్త్రి సరిగ్గా ఆర్పలేదు. ఎవరూ అనలేదు, తల్లి మొహం చూసి. అనకపోవడమే ఆవిడకి ఎక్కువ భయమేసింది. ఎవరైనా నోరు తెరిచేలోగా తానే తెరిచింది.

“నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ కొండ మీద రోజూ పొగ డబ్బా పట్టుకుని తిరిగేది ఎవరు?”

ఈగలు కుట్టకుండా తేనె తాత వాడే రేకు డబ్బా అది. అందులో ఎండు ఆకులు రాజేసి పొగ ఊదుతాడు. ఆ మాట పట్టుకుని ఒకరు అవునంటే ఇంకొకరు అవునవునన్నారు. మొన్నెప్పుడో డబ్బా పక్కన పెట్టి నిద్రపోవడం చూశామన్నారు. పొద్దుపోయేసరికి ఆ మాట రేంజాఫీసుకి చేరింది. రేంజరుకి అది ఎండలో గొడుగు దొరికినట్టయింది.

కూతురు మాత్రం ముందు చూడనివ్వండి అంది.

మర్నాడు రేంజరు, పొడుగాయన, తేనె తాత, ఇంకొందరు కొండెక్కారు. తల్లి వెనకాలే వెళ్ళింది. కూతురు నేల చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది. రాళ్ళు ఏ పక్కన మసిబారాయో, కాలిన గడ్డిపరకలు ఎటు ఒరిగాయో చూస్తూ, మంట వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది. అది పెట్టెల దగ్గర ఆగలేదు. గీత దాకా వచ్చింది. గీతకి అటు పక్క నేలలో ఒక చిన్న బొక్క, దాని అంచు మాడి ఉంది. ఇటు పక్క, గీతకి ఆనుకుని, మోడు.

కూతురు పారతో మోడు చుట్టూ తవ్వింది. పైన గట్టిపడిన బురద పెచ్చు, కుండ మూతలా మొత్తం ఊడొచ్చింది. లోపలంతా డొల్ల. వేరు ఉండాల్సిన చోట నల్లటి సొరంగం, గీత కింద నుంచి అవతలికి పోయింది.

“పైపైన నీళ్ళు పోశారు,” అంది కూతురు. “పైన చల్లబడింది, పొగ కూడా పోయింది. లోపల నిప్పు మూత కింద వేరు పట్టుకుని పాకింది.”

పొడుగాయన తల గోక్కున్నాడు. నిప్పు పెట్టిన మూడో రోజు పొద్దున తాను ఈ మోడు చూశానన్నాడు. తడిగా ఉంది. తమలో తవ్వకుండా నీళ్ళు పోసేవాడు ఎవడూ లేడు కాబట్టి, తడి కనబడితే పని అయినట్టే లెక్క. ఎవరో చేశారులే అనుకుని దాటిపోయాడు. కూతురు కూడా దాటిపోయిందట, అలాగే అనుకుని. ఎవరు పోశారని ఒక్కొక్కర్నీ అడిగింది. ఎవరూ పోయలేదు.

నివురు గప్పిన నిప్పు అని నోటితో వందసార్లు అన్న మనిషే తల్లి. ఆ పెచ్చు వైపే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది. పక్కనున్న చెట్టు పట్టుకుంది. చేతికి మసి అంటింది.

రేంజరు తేనె తాత వైపు తిరిగాడు. నిప్పు పడేసింది ఈయనే, భయపడి నీళ్ళు పోసిందీ ఈయనే అయ్యుంటాడన్నాడు.  తేనె తాత తన చొక్కా చేతి మీద ఒక ఈగ పాకుతుంటే దాన్నే చూస్తున్నాడు.

*

ఇంటికొచ్చాక కూతురు పెరట్లో చేతులు కడుక్కుంటూ, “అమ్మా, నువ్వెప్పుడైనా ఆ పక్కకి వెళ్ళావా?” అంది.

“నేనెందుకు వెళ్తానే,” అంది తల్లి.

కూతురు సరేనంది. ఆ సరే తల్లికి అన్నం సహించనివ్వలేదు. దానికి తెలిసిపోయిందా? తెలిసీ అడిగిందా? చెబితే కూతురి పని పోతుంది, మేస్త్రి తల్లే కొండ తగలబెట్టిందని ఊరంతా అంటుంది. చెప్పకపోతే ముసలాయన్ని కొండ మీంచి వెళ్ళగొడతారు. ఆయనకెవరున్నారు, ఎక్కడో అక్కడ బతుకుతాడులే అనుకుంది. అనుకున్నాక, ఆ మాట తనదేనా అని తనమీద తనకే అనుమానం వచ్చింది. అందర్నీ అనుమానించిన మనిషికి ఆ ఒక్కటే మిగిలింది.

పొద్దున్నే రేంజరు వచ్చాడు. వాకిట్లోనే నిలబడి కూతురితో మాట్లాడుతున్నాడు. తల్లి లోపల మిషను తొక్కుతూ వింటోంది. పైవాళ్ళు అడుగుతున్నారట. మనం పెట్టిన నిప్పే జారిపోయిందని చెబితే ఈ కాల్చే పని మొత్తానికే ఆపేస్తారట. తేనె తాత అయితే ఏ గొడవా లేదు. ఈ వారంలోగా పెట్టెలు ఎత్తేసి కొండ దిగిపొమ్మందాం, అంతటితో సరి. మేస్త్రిగా నువ్వు ఒక్క మాట అను చాలు అన్నాడు.

మిషను ఆగింది.

“ఆ నీళ్ళు నేను పోశాను,” అంటూ తల్లి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కత్తెర అలాగే ఉంది. “పొగ వస్తోందని పోశాను. తేనె బాబాయ్ పేరు కుళాయి దగ్గర ముందు అన్నదీ నేనే.”

రేంజరు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. మీరు లోపలికి వెళ్ళండమ్మా, మీరేమీ అనలేదు, నేనేమీ వినలేదన్నాడు. తల్లి కూతురి మొహం చూడలేకపోయింది. ఇప్పుడు అది తననే చూపిస్తుందనుకుంది. చూపించినా తప్పులేదనుకుంది.

“మోడు నాది సార్,” అంది కూతురు. “ఎవరు నీళ్ళు పోసినా, చెయ్యి పెట్టి చూడాల్సింది నేను. తడి చూసి చెయ్యి పెట్టలేదు. అలాగే చెప్పండి. ఇళ్ళ దగ్గర మంట ఎక్కడ ఆగిందో, ఎందుకాగిందో అది కూడా చెప్పండి.”

ఆ చలికాలానికి ఆమెని మేస్త్రి పని నుంచి తప్పించారు. పొడుగాయనని పెట్టారు. ఆయన వాకిట్లోకొచ్చి, తాను కూడా చెయ్యి పెట్టలేదని రేంజరుతో చెప్పానని, అయినా వినలేదని, ఎప్పటిలాగే “మేస్త్రమ్మ ఉందా పిన్నీ?” అన్నాడు. తల్లి ఆయన నవ్వులో ఇంకా ఏదో వెతికింది. ఏమీ దొరక్క, లోపలికి రమ్మని కుర్చీ వేసింది. కూతురు మాత్రం తల్లితో అన్నం పెట్టమనీ తలుపు వేసుకోమనీ తప్ప మాట్లాడలేదు.

*

సెలవురోజు పొద్దున కూతురు పార తీసుకుని పక్క వాలుకి బయలుదేరింది. రమ్మనలేదు, వద్దనలేదు. తల్లి వెనకే నడిచింది.

కాలిన మైనం వాసన ముక్కుకి అంటుకుంటోంది. తేనె తాత గొంతుక్కూర్చుని, మాడిన చట్రాల నుంచి పనికొచ్చే మేకులు పీకుతున్నాడు. పెట్టెలన్నీ బొగ్గుకుప్పలయ్యాయి. గీతకి దగ్గరగా, మసి వాలుని ఆనుకుని పెట్టినవి మాత్రం నిలిచాయి. వాటి గుమ్మాల దగ్గర ఈగలు ఎప్పట్లాగే వచ్చిపోతున్నాయి. కూతురు ఏమీ అడక్కుండా ఒక పక్క నుంచి బూడిద ఎత్తడం మొదలుపెట్టింది.

తల్లి ఆయన ఎదుట నిలబడింది. కూర్చుందామంటే కూర్చోమని ఆయన అనలేదు. నీళ్ళు పోసిన సంగతి చెప్పింది. పేరు ముందు అన్న సంగతి చెప్పింది. ఎందుకన్నానో కూడా చెబుదామనుకుంది గానీ, ఆ ముక్క నోట్లోకి వచ్చి ఆగిపోయింది. దానికి ముసలాయనతో పనిలేదు.

ఆయన మేకు పీకాడు. దాన్ని రాతి మీద పెట్టి, వంకర సరిచేయడానికి కొట్టాడు. ఇంకోటి పీకాడు. అదీ కొట్టాడు.  కొంతసేపటికి తల్లి కూడా వంగి కాలిన చట్రాలు ఒక చోటికి చేర్చడం మొదలుపెట్టింది. చేతి వెనకభాగం ముందు ఆనించి, చల్లగా ఉందని తెలిశాకే ఒక్కొక్కటీ ఎత్తింది. ఎండ పైకొచ్చింది. కూతురు పార చప్పుడు, సుత్తి చప్పుడు, ఈగల రొద. ఆయన ఇక మాట్లాడడనీ, మాట్లాడకపోవడం న్యాయమేననీ తల్లి అనుకుంది. కొండ దిగేవేళయిందని కూతురు పార భుజాన వేసుకుంది.

తేనె తాత నిలిచిన పెట్టెల వైపు చూశాడు. వాటి పక్కనున్న మసి నేల వైపు చూశాడు.

“వచ్చే చలికాలం ముందు నా వాలే కాల్చమను మీ అమ్మాయిని,” అన్నాడు. “ఆ రోజుకి ఈగల్ని అవతల పెట్టుకుంటాను. నువ్వు మాత్రం ఇంట్లో కూర్చో.”